‘బాగుండాను’ అంటే

మా వదిన ‘బాగుండాను’ అంది. నేను కాగితం మీద ‘బాగుంది’ దగ్గర టిక్కు పెట్టాను. ఆ టిక్కు నన్ను చాలాకాలంగా వేధిస్తోంది.

వదిన వాళ్లది ముదిగుబ్బ. రెండేళ్ల కిందట ఆమెకి ఎడమకన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. ఎరుపు వెలిసిపోయినట్టు కనబడేదట. శెనక్కాయ విత్తనాలు అరచేతిలో పోసుకుని, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూసుకునేది. కొన్ని వారాలకు చూపు తిరిగొచ్చింది. ఆ తర్వాత మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు ఉండటం మొదలైంది. (తల వంచుకుని ఉండమని నేర్పిన ఇంట్లో ఇదేం జబ్బు వదినా అనబోయి ఊరుకున్నాను.) బెంగుళూరులో స్కానింగ్ చేసి, మెదడులో మచ్చలున్నాయి, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు తొలి గుర్తులు కావచ్చు, చూస్తూ ఉండాలి అన్నారు.

మెదడులో, వెన్నుపాములో నరాలకు కరెంటు తీగ మీది తొడుగులాంటి పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఆ పొరను పాడుచేయడం ఈ జబ్బు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొర దెబ్బతిన్న నరం వేడికి తట్టుకోలేదు. ఒంటికి శ్రమ ఎక్కువైతే చూపు తగ్గుతుందని జర్మన్ వైద్యుడు ఉట్‌హోఫ్ 1890లోనే రాశాడు. చల్లబడ్డాక మళ్లీ మామూలవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో దీని అర్థం ఏమిటంటే, మధ్యాహ్నం పొయ్యి దగ్గర కాళ్లు బరువెక్కి కళ్లు మసకేసిన మనిషి సాయంత్రానికి చక్కగా తిరుగుతూ కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు సాయంత్రాన్ని నమ్మారు. ‘ఎండ ఎవురికి కొట్టదు?’ అన్నాడు మా అన్న. చెడ్డవాడేం కాదు. కరువు నేల మీద అలసట అందరిదీ. అందులో తన అలసటను వేరుచేసి జబ్బు అనడానికి వదినకే సిగ్గు.

ఆస్పత్రిలో జీవన నాణ్యత ఫారం ఇచ్చారు. 1995లో అమెరికాలో తయారైన 54 ప్రశ్నల కొలమానం అది. 36 ప్రశ్నలు ఎవరి ఆరోగ్యం గురించైనా అడగదగ్గవి, 18 ఈ జబ్బుకు చెందినవి. ఓ మోస్తరు శ్రమకు అందులో ఇచ్చిన ఉదాహరణలు బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ నెట్టడం, గోల్ఫ్ ఆడటం. నేను ‘బిందె మోయడం’ అని చదివి నా అనువాదానికి నేనే మురిసిపోయాను. ‘మోస్తాండా గదా’ అంది వదిన. అలసట గురించీ ప్రశ్న ఉంది. ‘అందరి మాదిరే’ అంది. పక్కన అన్న కూర్చున్నాడు.

1944లో, బెంగాల్ కరువు వచ్చిన మరుసటేడు, కలకత్తా దగ్గర సింగూరులో చేసిన సర్వేని అమర్త్యసేన్ ప్రస్తావిస్తాడు. భార్య చనిపోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. వితంతువుల్లో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం. లేమికి అలవాటుపడ్డవాళ్ల మాటను బట్టి వాళ్ల బాగోగులు కొలవలేమని ఆయన వాదన. క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను దాన్ని. వదిన ముందు మాత్రం ఆ వాదన నాకు మింగుడుపడలేదు. నీ ఒంటి సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు అని ఆడవాళ్లతో అన్నవాళ్లు తక్కువా? ఆ వరసలో నేనూ నిలబడాలా? అలాగని ఆమె మాటను ఆమె మాటగా గౌరవించి టిక్కు పెడితే, ఆ మధ్యాహ్నాలన్నీ లెక్కలోంచి జారిపోతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను 2016 చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. కానీ సాయాలు చాలావాటికి 40 శాతం గీత దాటాలి. తొలి గుర్తుల దశలో ఉన్న మనిషికి చేతిలో ఉండేది తన మాట ఒక్కటే.

వదిన అబద్ధం చెప్పిందని నేననుకోను. పని అవుతోందా అని అడిగితే అవుతోందని చెప్పింది. ఆ పని అయ్యాక తనకంటూ ఏం మిగులుతోందో నేను అడగలేదు. ఎవరి ముందు అడుగుతున్నానో కూడా చూసుకోలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పొద్దున్నే వాకిట్లో చూస్తే నాలుగు గీతలున్నాయి. ధనుర్మాసమంతా చుక్కల ముగ్గులతో వీధి సగం ఆక్రమించే మనిషి. వంగితే కరెంటు కొడుతుందని కిందటేడే మానేసిందట. ఇంట్లో ఎవరూ గమనించలేదు, నాతో సహా. ముగ్గయితే పడుతోంది కదా.

‘అదేమన్నా పనా పాపా, చెప్పుకోడానికి?’ అంది.

ఈసారి డాక్టరుతో అది కూడా చెప్పనా అని అడిగాను. చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించింది.

‘మీయన్న లేనప్పుడు చెప్పు’ అంది.