ఒక్కసారి చూచి ఊరకుండుట



మీట నొక్కినంతసేపు మ్రోగి, వదలినంతనే ఆగవలసిన బజరు, వదలినను మ్రోగుచునే యుండును. ఆర్డ్యునో పలకతో పని నేర్చుకొను పిల్లలకు త్వరలోనే ఎదురగు చిక్కు ఇది. మన కొత్తపట్నములో మొదటి అనుమానము తీగెమీదికి పోవును. ఇచ్చటి ఉప్పుగాలికి రాగి పచ్చబడుట అందరు ఎరిగినదే గదా! తీగె మార్చుదురు, బజరు మార్చుదురు. మ్రోత ఆగదు.

తప్పు వ్రాతలో నున్నది. ఆ పలకమీది చిప్పునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞలలో లూప్ అను భాగము కలదు. కరెంటున్నంతవరకు అది చివరివరకు నడచి, మరల మొదటికి వచ్చుచుండును. ప్రతి చుట్టులోను మీటను చూచినయెడల చిక్కు లేదు. కాని పిల్లవాడు లోపల వైల్ అను మరియొక చుట్టు పెట్టి, దానికి ముందుగా ఒక్కసారి మీటను చూచి, ఆ జవాబును దాచి, అది 'నొక్కబడినది' అని యున్నంతకాలము మ్రోగుమని వ్రాసెను. ఆ చుట్టు లోపల మరల చూడుమని వ్రాయలేదు. వ్రేలు తీసి గంటయైనను దాచిన జవాబు మారదు. యూనో పలకలోని చిప్పు సెకనుకు 1,60,00,000 టిక్కులతో నడచును. ఆ వేగమంతయు పాతమాటను తిరుగవేయుటకే సరిపోవును. మందు ఒక్క పంక్తి: లోపల మీటను మరల చదువుట.

యంత్రము అబద్ధమాడినదా? లేదు. చదివిన క్షణమున ఆ జవాబు నిజమే. నిజమైన జవాబు ఎప్పుడు అబద్ధమగును? మేము అడుగునది ఇదియే.

మిరప కల్లములో బస్తా మాయమైన ప్రతిసారి, పదేండ్ల క్రిందట ఒకసారి పట్టుబడినవాని యింటికే జనులు పోవుదురు. ఆనాడు వాడు దొంగిలించెననుట నిజమే. తరువాత ఎవరును చూడలేదు, అంతే. సౌలును గూర్చి అననీయ విన్నదియు నిజమే (అపొ. కార్య. 9). దమస్కు త్రోవలో జరిగినది అతనికింకను తెలియదు.

అట్లయిన కన్నీరు చూచిన వెంటనే నమ్మవలెనా? దీనికిని మీటయే సాక్ష్యమిచ్చును. అందలి లోహపు రేకులు తాకునప్పుడు కొన్ని మిల్లీసెకనులు అదరును. తొందరపడి చదివిన యంత్రము ఒక్క నొక్కును రెండు మూడుగా లెక్కించును. కావున పని తెలిసినవారు మార్పు కనబడగానే నమ్మక, 50 మిల్లీసెకనులు ఆగి, మరల చూతురు. ఆగుట వేరు, చూచుట మానుట వేరు. ఆదివారము ఏడ్చినవానికి సోమవారమే గిడ్డంగి తాళపుచెవులు ఇమ్మని మేము చెప్పము. ఈ యేటి కల్లములో కాటా దగ్గర నిలువబెట్టి చూడవచ్చును.