ఎవరూ ఎంచుకోని వైరాగ్యం

కీసర దగ్గర మున్నేరు వంతెన దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే నందిగామ, ఆ మీదట జగ్గయ్యపేట. ఆ ఊరిని ఆనుకుని ధనంబోడు అనే చిన్న గుట్ట ఉంది. ఇక్ష్వాకుల కాలపు శాసనం ఆ చోటిని వేలగిరి అంటుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన రాతిపలకల్లో ఒకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని మీద మాంధాత చక్రవర్తి కుడిచేయి పైకెత్తి నిలబడితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, అందరూ కొలువై ఉంటారు. అన్నీ దక్కినా ఆయన ఆశ తీరలేదనీ, స్వర్గంలో ఇంద్రుడి సింహాసనంలో సగం ఇచ్చినా మిగతా సగం మీద మనసు పడి, చివరికి భూమ్మీద పడి అసంతృప్తితోనే పోయాడనీ జాతక కథ. వాన చుక్క కోసం మొగం పైకెత్తుకుని చూసే మెట్ట నేలలో, పేరులోనే ధనమున్న గుట్ట మీద, డబ్బు వానను చెక్కించడం చమత్కారమే.

ఈ కథ నుంచి మనం తీసుకునే నీతి, కొంచెంతో బతకడమే మేలని. ఆ నీతి చేతిలో పెట్టుకుని కొండల మీది గూడేల వైపు చూస్తే, అక్కడి మనుషులు మనకు పుట్టు వైరాగులుగా కనిపిస్తారు. ఏ కోరికా లేదు, ఏ పరుగూ లేదు, దేవుడికి దగ్గరగా ఉన్నారు అనేస్తాం. అరకు వెళ్లొచ్చిన వాళ్ల మాటల్లో, ఆధ్యాత్మిక పత్రికల్లో ఈ ధోరణి తరచూ వినిపిస్తుంది. ఇది కొండవాళ్లకు చేసే అన్యాయమని చాలామంది చెప్పారు. నేననేది, ఇది మతధర్మం లెక్కలోనూ తప్పే అని. వైరాగ్యం అంటే వదులుకోవడం. వదులుకోవాలంటే ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి, ఉంచుకోవడానికి వీలు కూడా ఉండాలి. లేమిని త్యాగం అనడం, అప్పులవాళ్లు ఇల్లు జప్తు చేసుకుపోతే ఆ ఇంటాయన్ను సన్యాసి అనడం లాంటిది.

ఈ మాటకు సాక్ష్యం ఆ వేలగిరే చెబుతుంది. భిక్షువులు కొండలు వెతుక్కున్నారు, నిజమే. కానీ విహారానికి తగిన చోటు ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, జనం వచ్చిపోవడానికి వీలుగా ఉండాలి అన్నది వినయపిటకంలో వేణువన దానం సందర్భంగా కనిపించే కొలత. దారీ తెన్నూ లేని ఏకాంతాన్ని ఆ కొలత మెచ్చుకోలేదు. భిక్షాపాత్ర నిండాలంటే కింద ఎవరి ఇంట్లోనో గాదె నిండాలి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి ఈ మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. సకల ప్రాణుల హితం కోసం, సుఖం కోసం అని శాసనంలో చెప్పుకున్నాడు. తండ్రి పేరు, ఊరి పేరు చెక్కించాడు. తల్లినీ భార్యనూ బిడ్డలనూ కలుపుకున్నాడు. ఆయన సంసారం వదల్లేదు, ఉలి వదల్లేదు. చేతి పనిలో మిగిలింది గనక ఇవ్వగలిగాడు. లేమి ముందు కొట్టేది ఆ ఇచ్చే చేతినే. దాన్ని ధర్మానికి దగ్గరి దారి అనడం ఎలా కుదురుతుంది?

మాంధాత కథకు మూలమైన మాట ధమ్మపదంలో ఉంది. అదే గ్రంథంలో ఆకలిని అన్ని రోగాల్లోకీ పెద్ద రోగంగా చెప్పే గాథ కూడా ఉంది. దాని వెనక కథ చిన్నది. ఆళవి అనే చోట బుద్ధుడు ధర్మం చెప్పడానికి కూర్చుంటే, తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి అలసిన ఒక పేద రైతు ఆలస్యంగా వచ్చాడు. బుద్ధుడు బోధ మొదలుపెట్టలేదు, ముందు అతనికి అన్నం పెట్టించాడు. అతను తిన్నాకే మాట్లాడాడు. స్వయంగా ఒళ్లు ఎండగట్టుకుని, అది దారి కాదని తేల్చుకుని, సుజాత పెట్టిన పాయసం తిన్న మనిషి ఆయన. ధనం వాన కథా, ఎద్దు పోయిన రైతు కథా ఒకే పుస్తకం చుట్టూ పుట్టినవి. మొదటిది ఎవరి మీద వాన కురుస్తుందో వాళ్లకు చెప్పింది. దాన్ని తీసుకెళ్లి రెండోవాడికి వినిపిస్తున్నాం మనం.

ఇక కొండల్లోకి వెళదాం. పాపికొండల కొండరెడ్ల గురించి మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో పుస్తకం అచ్చువేశాడు. పోడులో పండిన జొన్న, సామ అయిపోయాక వాళ్లు అడవి దుంపలు, జీలుగు చెట్టు బోదెలోని పిండి, మామిడి టెంకల అంబలి మీద బతకడం అందులో ఉంది. అది ఉపవాస వ్రతం కాదు, గింజలు అయిపోవడం. ఈ రోజుల్లోనూ మన్యంలో రోడ్డు లేని గూడెంలో నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోసుకొస్తూనే ఉన్నారు. కావడికి గుడ్డ కట్టి, ఇద్దరు ముందు వెనక భుజం పెట్టి, వాగులు దాటి. ప్రశాంతత గురించి రాసేవాళ్లు ఆ మోత బరువు కూడా లెక్కేసుకోవాలి. అసలు వాళ్ల దేవుళ్లను వాళ్లు ఏమడుగుతారో చూస్తే చర్చ అక్కడే తేలిపోతుంది. విత్తనాలు చల్లే ముందు భూమి పండుగ చేస్తారు. మామిడికాయ వచ్చాక కొత్త పండుగ చేసి, దేవతకు పెట్టేదాకా నోట పెట్టుకోరు. అది కోరిక లేని మతం కాదు. పంట రావాలి, పిల్లలు బతకాలి, పశువులు పెరగాలి అని నిలబెట్టి అడిగే మతం. ఆ అడగడాన్ని వినకుండా, వాళ్లు ఏమీ అడగరు అని మనమే చెప్పుకుంటున్నాం.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ముందుగా ఋషుల్ని తెస్తారు. పెద్దలు అడవిని మెచ్చుకోలేదా అంటారు. మెచ్చుకున్నారు, వానప్రస్థానికి. అది గృహస్థు ధర్మం తీరి, మనవణ్ణి చూసుకున్నాక వచ్చే ఆశ్రమం. పుట్టిన రోజే ఇచ్చేది కాదు. బలవంతాన అడవికి పోయిన పాండవుల సంగతి వేరు. అరణ్యపర్వంలో ద్రౌపది ఊరుకుందా? ధర్మరాజును నిలదీసింది, భీముడూ గొంతు కలిపాడు. అదే అడవి, అవే దుంపలు. ఆ మునులకు తపస్సయింది ఆమెకు శిక్ష అయింది. తేడా అంతా ఎవరు పంపారన్న దాంట్లో ఉంది.

రెండో అభ్యంతరం గట్టిది. రోడ్డు వెంట సారా వస్తుంది, వడ్డీ వ్యాపారి వస్తాడు, భూమి పోతుంది. చరిత్రలో దీనికి ఆధారం ఉంది. 1882లోనే, వేలగిరి తవ్విన ఏడాదే, మద్రాసు అడవుల చట్టం వచ్చి పోడుకు అడ్డుపడింది. తర్వాత గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించడానికి కొండవాళ్లకు సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. 1922లో మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో అదొకటి. కాబట్టి రోడ్డు దానంతటదే వరం అని నేననను. కానీ వాళ్ల కోపం రాళ్లు పరిచిన దారి మీద కాదు, తమను అడగకుండా తమ చేత మోయించడం మీద. ఇప్పుడు డోలీ మోసి మోసి విసిగిన గూడేలు తామే గునపాలు పట్టుకుని దారి తవ్వుకుంటున్నాయి. 2025లో ప్రభుత్వం అడవితల్లి బాట పేరుతో పనులు మొదలుపెట్టింది కూడా ఆ గోడు వినపడ్డాకే. సారా కొట్టును ఆపడానికి చట్టం కావాలి, భూమి బదిలీని ఆపడానికి 1/70 చట్టం ఉంది. ఆసుపత్రికి దారి లేకుండా చేయడం మాత్రం సారాకు మందు కాదు.

అయినా లేమిని గొప్పగా చూసే ఈ వాదన డెల్టాలోనూ ఒకప్పుడు మెట్ట గురించి నడిచిందే. కాలువ కింద వరి పండించుకునేవాళ్లకు, జొన్నన్నం తినే నందిగామ వైపు మనుషులు నికార్సైన వాళ్లు, ఆడంబరం తెలియని వాళ్లు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు ఈ మెట్టకు వచ్చినప్పుడు తమ నిరాడంబరత పోయిందని ఇక్కడెవరూ బెంగపడలేదు. చివరి ఆయకట్టుకు నీళ్లు అందడం లేదని మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.