సుంకం లేని రేవు

మా నరసరావుపేటలో డ్యూటీ అంటే పన్ను కాదు. బస్టాండులో కండక్టరు డ్యూటీ ఎక్కుతాడు, డ్యూటీ దిగుతాడు. ఆస్పత్రిలో నర్సు నైట్ డ్యూటీ చేస్తుంది. మన నోట్లో పడ్డాక ఆ మాటకి ఒక మనిషి నెత్తిన ఉన్న పని అనే అర్థమే మిగిలింది. అందుకే 'డ్యూటీ ఫ్రీ' అన్న బోర్డు నాకెప్పుడూ రెండు రకాలుగా వినిపిస్తుంది. పన్ను లేదు అని ఒకటి, మన మీద ఏ బాధ్యతా లేదు అని ఇంకొకటి. ఈ రెండూ ఒకటేనా?

ఈ ప్రశ్న గట్టిగా పట్టుకున్నది కువాలో. మలేషియాకు వాయవ్యంగా, థాయ్‌లాండ్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న లంకావి దీవికి అది రేవు పట్నం. లంకావి 1987 జనవరి 1 నుంచి సుంకాల్లేని దీవి. 2023 డిసెంబర్ నుంచి భారతీయులకి మలేషియా వీసా అక్కర్లేకుండా చేశాక హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల సెలవుల్లోకి ఈ దీవి కూడా వచ్చి చేరింది. నేనూ, మా ఆవిడా అలాగే వెళ్ళాం. కువాలా పెర్లిస్‌లో ఫెర్రీ ఎక్కితే గంటకి పైగా సముద్రం, ఆ తర్వాత రేవు పక్కన రెక్కలు విప్పిన పెద్ద గద్ద బొమ్మ. బొమ్మ దాటితే దుకాణాలే. మన కిరాణా కొట్లో నూనె డబ్బాలు పేర్చినట్టు విదేశీ మందు సీసాలు పేర్చి ఉన్నాయి. చాక్లెట్లు గుట్టలు పోసున్నాయి. అసలు హడావిడంతా గాజు గిన్నెలు, వంట పాత్రల దగ్గరుంది. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మలయ్ కుటుంబాలు పెట్టెలకి తాళ్ళు కట్టుకుని మోసుకెళ్తున్నాయి.

ఆ రాత్రి మా బాబాయి ఫోన్ చేశాడు. పల్నాడులో మిరప వేసే రైతు. సంగతంతా విని ఒకటే అడిగాడు: "పన్ను లేకపోతే మరి ఆ రోడ్లు ఎట్టా ఏసుకుంటన్నారు రా?"

దానికి జవాబు వెతకడం కష్టమేమీ కాదు. దీవిని బాగుచేయడానికి 1990లో మలేషియా కేంద్ర ప్రభుత్వం లాడా అనే అభివృద్ధి సంస్థని పెట్టింది. ప్రభుత్వం ఖర్చు పెట్టేది దేశమంతా కట్టిన డబ్బు. కాబట్టి కువాలో నేను తక్కువ ధరకి కొన్న చాక్లెట్టులో, ఎక్కడో ఇపోలోనో కౌలాలంపూరులోనో పన్ను కట్టిన మనిషి వాటా కూడా ఉంది. దీవిలో వద్దనుకున్న సుంకం మాయం కాలేదు. అక్కణ్ణుంచి లేచి వేరేచోట కూర్చుంది, అంతే.

ఇది ఈనాటి సంగతీ కాదు. లంకావికి దక్షిణాన పెనాంగ్ ఉంది. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఆ దీవిని చేజిక్కించుకుని, వచ్చే ఓడలకి సుంకం లేని రేవుగా తెరిచాడు. 1819లో మొదలైన సింగపూరుదీ అదే పద్ధతి. ఓడల దగ్గర తీసుకోకపోతే పోలీసుకి, కచేరీకి డబ్బెక్కడిది? నల్లమందు, సారా, జూదం అమ్మే గుత్త హక్కుల్ని వేలం వేశారు. మన ఊళ్ళలో సారా పాటలు జరిగేవి చూడండి, అచ్చం అలాగే. వర్తకుడి మూట మీద లేని పన్ను, ఒళ్ళు నొప్పులు మరిచిపోవడానికి కూలివాడు పీల్చిన నల్లమందు మీద పడింది. 'స్వేచ్ఛా రేవు' అన్న పేరు వర్తకుడి వైపు నిలబడి పెట్టింది.

ఆ పెనాంగ్ రేవులోనే మన మద్రాసు ప్రెసిడెన్సీ కూలీలు దిగారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కణ్ణుంచి చెరకు, రబ్బరు, కొబ్బరి తోటలకి వెళ్ళారు. మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో రద్దయింది. ఆ తర్వాత కంగాణీల చేతిలో బయానా అప్పులు నడిచాయి. సరుకు ఏ బంధనమూ లేకుండా దిగిన చోట మనిషి అప్పు మెడకేసుకుని దిగాడు.

ఇక్కడ పల్నాటి పాఠకుడు నన్ను ఆపుతాడని తెలుసు. పన్ను గురించి మాకు నీతులు చెబుతావా, పుల్లరి మాట మరిచావా అంటాడు. మరవలేదు. అడవిలో పశువుల్ని మేపుకుంటే కట్టాల్సిన పన్ను పుల్లరి. ఆ పన్ను కట్టమని ఎదురు తిరిగినందుకు 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. అవే రోజుల్లో చీరాల పేరాలలో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని జనం ఊరే ఖాళీ చేసి, రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పెదనందిపాడులో శిస్తు కట్టలేదు. ఈ గడ్డ మీద పన్ను కట్టకపోవడం గౌరవప్రదమైన పని.

కానీ 'ఇయ్యను' అనడం వేరు, 'నువ్వు ఇవ్వక్కర్లేదులే' అనిపించుకోవడం వేరు. హనుమంతు కట్టనన్నది తనొక్కడి కోసం కాదు. అడవి మీద మీకు హక్కెక్కడిది అని అడుగుతూ, ఆ అడగడానికయ్యే ఖర్చు తనే భరించాడు. కువాలో నా చేతిలో ఉన్న మినహాయింపు ఎవరినీ ఏమీ అడగలేదు. నాకు పైసా ఖర్చు కాలేదు. అది ఖర్చు పెట్టే స్తోమత ఉన్నవాడి జేబు చూసి ఇచ్చింది. పైకి రెండు చోట్లా పన్ను కట్టనట్టే ఉంటుంది. నైతికంగా రెండూ ఎదురెదురు దిక్కులు.

ఇంతకీ సుంకం లేని దీవి చూడ్డానికి నేను సముద్రం దాటనక్కర్లేదు. హైదరాబాద్‌లో నేను పనిచేసే ఆఫీసు ఒక ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉంది. 2005 నాటి చట్టం ప్రకారం, లోపల జరిగే వ్యాపారం వరకు ఆ ఆవరణ భారతదేశపు సుంకాల పరిధికి బయట ఉన్నట్టు లెక్క. అంటే నేను రోజూ పొద్దున్నే కార్డు గీకి ఒక రకం లంకావిలోకి అడుగుపెడుతున్నాను. ఆదాయపు పన్ను నా జీతంలోంచి కోస్తారు, నిజమే. కానీ ఆ జీతం పుట్టిన చోటుకి ఏళ్ళ తరబడి రాయితీలు నడిచాయి. అదే బాబాయి మిరపకి కొట్టే పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ కడతాడు. వ్యాపారికైతే ముందు కట్టింది తర్వాత సర్దుబాటవుతుంది. పచ్చిగానో ఎండబెట్టో పంట అమ్ముకునే మామూలు రైతుకి ఆ సర్దుబాటు లేదు. రోడ్లెట్టా ఏసుకుంటన్నారని అడిగిన మనిషే ఆ రోడ్లు వేస్తున్నాడు.

అయితే మినహాయింపులన్నీ మోసమేనా? కాదు. లంకావికి ఒక కథ ఉంది. మహ్సూరి అనే ఆడమనిషి మీద రంకు అంటగట్టి అన్యాయంగా చంపారట. ఏడు తరాలపాటు ఈ దీవి బాగుపడదని ఆమె శపించిందట. మా వైపు పేరంటాళ్ళ కథలు విన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. వరి పొలాలు, చేపల వేట తప్ప పెద్దగా ఏమీ లేని ఆ దీవి తరాలుగా తన పేదరికానికి చెప్పుకున్న కారణం అది: తీర్చని బాకీ ఒకటుంది. అలాంటి చోట నాలుగు ఉద్యోగాలు పుట్టడానికి మిగతా దేశం సుంకం వదులుకుంటే తప్పని నేననలేను. వెనకబడ్డవాడికి ముందున్నవాళ్ళు బాకీ తీర్చడం కూడా బాధ్యతే. ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళు అన్నది బాహాటంగా చెప్పి ఇస్తే అది న్యాయం. పెనాంగ్‌లో ఆ ప్రతిపత్తి 1969లో పోయింది. శాశ్వతం కావాల్సిన అవసరమూ లేదు.

ఈ విషయంలో నాకు నచ్చిన మాట మన తీరంలోనే రాతి మీద ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. గాలివానకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారు, మేం అలా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని సముద్ర వర్తకులకి ఇచ్చిన మాట అది. సుంకమే వద్దు అనలేదు గమనించండి. ఇంతే తీసుకుంటాం, మీ ప్రాణానికీ సొత్తుకీ పూచీ మాది అన్నాడు. అక్కడ సుంకం రెండు వైపులా కట్టే ముడి. ఇచ్చేవాడికి అడిగే హక్కు వస్తుంది, తీసుకునేవాడి మీద పూచీ పడుతుంది. పుల్లరిలో లేనిది ఆ పూచీయే. కువాలో నాకు లేనిది ఆ హక్కు. ఏమీ కట్టని ఊళ్ళో రోడ్డు గుంతలు పడితే నేను ఎవరినీ నిలదీయలేను.

కాబట్టి డ్యూటీ ఫ్రీ బోర్డుకి నేను విన్న రెండర్థాలూ ఒకటి కావు. పన్నుని ప్రభుత్వం ఒక సంతకంతో ఎత్తేయగలదు. బాధ్యతని ఏ సంతకమూ ఎత్తేయలేదు, అది పక్కవాడి డ్యూటీ చార్టులోకి వెళ్తుంది. మనకి ఏదైనా చవగ్గా వచ్చినప్పుడు ఎంత మిగిలిందో వెంటనే లెక్కేసుకుంటాం. ఆ మిగిలింది ఎవరి దగ్గర తగ్గిందన్న లెక్క కూడా అదే కాగితం మీద వేయాలి. దానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, మా బాబాయి అడిగిన ప్రశ్న చాలు.