మొక్కు భుజాల మీద, బరువు నడుం మీద

మురుగన్ పండగ తైపూసం నాడు కౌలాలంపూర్ శివార్లలోని బాతు కేవ్స్‌కి వెళ్లినవాళ్ల చూపు ముందు బుగ్గల్లో గుచ్చుకున్న శూలాల మీదే పడుతుంది. ఎముకల డాక్టరైతే ఇంకాస్త కిందికి, నడుంకి బిగించిన పట్టీని చూస్తాడు. నెమలి ఈకల కావడి పదుల కిలోలు తూగుతుంది. ఆ బరువంతా భుజాల మీద, ఆ పట్టీ మీదే. దాంతోనే పూనకంలో గిర్రున తిరుగుతారు, 272 మెట్లూ ఎక్కుతారు.

ఆ బరువు చివరికి చేరేది వెన్నుకే. వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి. చుట్టూ గట్టి పీచు పొరలు, లోపల మెత్తటి గుజ్జు. అరిగిన పొర చిట్లితే గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కుతుంది. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. ఎక్కువగా దెబ్బతినేవి నడుం అడుగున ఉన్న రెండు డిస్కులే.

ఈ సంగతిని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ ప్రపంచానికి చెప్పాక చాలాకాలం ఆపరేషన్‌దే పైచేయి. ఇప్పుడు డాక్టర్లు అంత తొందరపడరు. నొప్పి మాత్రలు, నడక, ఫిజియోథెరపీతో ఎక్కువమంది కొన్ని వారాల్లోనే కోలుకుంటారు. బయటికొచ్చిన గుజ్జును చాలాసార్లు ఒళ్లే కరిగించుకుంటుంది. వారాలు గడిచినా కాలినొప్పి తగ్గకపోతేనో, కాలు బలం కోల్పోతుంటేనో ఆపరేషన్ మాట.

నొప్పి స్వభావమే విచిత్రం. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే, సగం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. ఫొటోలో తేడా ఉంది, మనిషికి బాధ లేదు! యంత్రానికే అందని నొప్పితో భక్తిని తూచడం ఎలా?

కావడి ఎత్తేవాళ్ల జవాబును తేలిగ్గా తీసేయలేం. బిడ్డ బతికినందుకో, జబ్బు నయమైనందుకో మొక్కుకుని, వారాల తరబడి ఉపవాసాలుండి వస్తారు. అది కృతజ్ఞత, దేవుడితో బేరం కాదు అంటారు. అయితే శరీరాన్ని హింసించే తపస్సును గీత పదిహేడో అధ్యాయం మెచ్చుకోలేదు. కాళిదాసు కుమారసంభవంలోనూ మారువేషంలో వచ్చిన శివుడు, శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా అని పార్వతిని అడుగుతాడు. ఆవిడ ఈ మురుగన్‌కి సాక్షాత్తూ తల్లి! అంతెందుకు, తొలి కావడిగా రెండు కొండలు మోసిన ఇడుంబుడే పళని దగ్గర వాటిని కిందికి దించి అలుపు తీర్చుకున్నాడని స్థలపురాణం.

కాబట్టి నడుంనొప్పి ఉన్నవాళ్లు చిన్న పాలచెంబు పట్టుకెళ్లినా మొక్కు చెల్లినట్టే. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం రాకపోయినా, అదుపు తప్పినా ప్రసాదం కోసం కూడా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.