వామహస్తము

పక్షవాతము నుండి కోలుకొన్న పిమ్మట మా ఇంటివారు నా స్కూటరు బీగముచెవిని దాచిరి. ఆమడగూరు నుండి కదిరికి ఎన్నిమారులు పోయివచ్చినవాడను, నన్నే నమ్మరా యని అలిగితిని. కుడిమెదడు దెబ్బతిన్నచో ఎడమవైపు నున్నది మనస్సునకు ఆనకపోవచ్చుననియు, ఆ లోపము రోగికే తెలియకపోవచ్చుననియు వైద్యుడు చెప్పినను వినలేదు.

ఒకనాటి పూజలో వామహస్తమందలి ఇష్టలింగము ఒరగుచున్నను నేను గమనింపలేదు. ఇల్లాలు తన అరచేయి క్రింద నుంచెను. శరణులు చెప్పిన అరివు, తన్ను తానెఱుగుట, పరులకు బోధించుట సులభము! (ముప్పది యేండ్లు పాఠము చెప్పిన నోరిది.) ఆనాడే పరీక్షకు ఒప్పుకొంటిని.

బ్రిటనులో పక్షవాతము వచ్చినవారు కనీసము 1 నెల కారు నడపరాదను నియమము కలదు. నాకు 6 నెలలు పట్టినది. వైద్యుడు సమ్మతించిన పిదప, కుమారుడు వెనుక కూర్చుండగా బడి మైదానమున బండి నడిపితిని. ఇప్పటికి ఊరిలోనే, పగటివేళనే. కదిరి మాట ఇల్లాలు ఇంకను ఎత్తలేదు, నేనును అడుగలేదు.