పునాది కోసం తవ్విన రాజు

బాబిలోనియాలో సిప్పర్ అనే నగరం ఉండేది. అక్కడి సూర్యదేవుడు షమష్ గుడిని బాబిలోనియా రాజు నెబుకద్నెజర్ తిరిగి కట్టిస్తే, 45 ఏళ్లకే గోడలు కుంగాయి. మేస్త్రీని అడిగితే నేల తేమ అనేవాడేమో. క్రీ.పూ. 556లో గద్దెనెక్కిన నబోనిదస్ శాసనం మాత్రం మరో సంగతి ఎత్తిచూపింది: నెబుకద్నెజర్ మొదటి పునాది కోసం వెతికాడు, దొరక్కపోయినా కట్టేశాడు.

నబోనిదస్ 18 మూరల లోతు తవ్వించాడు. అక్కద్ చక్రవర్తి నరామ్-సిన్ వేయించిన పునాది బయటపడింది. 3,200 ఏళ్లుగా ఏ రాజుకూ కనబడనిది తనకు షమష్ చూపించాడని రాయించుకుని, వేలి వెడల్పయినా పక్కకు జరగకుండా దానిమీదే గుడి లేపాడు.

నేటి చరిత్రకారుల లెక్కలో ఆ ఎడం సుమారు 1,700 ఏళ్లే. నబోనిదస్ నరామ్-సిన్‌ను అక్కద్ రాజ్య స్థాపకుడు సార్గాన్ కొడుకన్నాడు, నిజానికి మనవడు. అయినా ఆ కాలానికి 3,200 పెద్ద సంఖ్యేమీ కాదు. సుమేరియన్ రాజుల జాబితా ప్రకారం రాజరికం స్వర్గం నుంచి ఎరిదు నగరానికి దిగింది, తొలి రాజు అలులిమ్ 28,800 ఏళ్లు ఏలాడు. క్రీ.పూ. 3వ శతాబ్దపు బాబిలోనియా పూజారి బెరోసస్ ప్రళయానికి ముందున్న 10 మంది రాజులకు కలిపి 4,32,000 ఏళ్లు ఇచ్చాడు. మన కలియుగం లెక్కా సరిగ్గా అంతే! ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో, అసలు వెళ్లిందో లేదో తేలని వాదన.

ఇంతకీ దేవుడికి కొత్త పునాది ఎందుకు పనికిరాదు? మెసపొటేమియా వాసుల దృష్టిలో గుడి చోటు, రూపు ఆదిలోనే దేవతలు ఖాయం చేసినవి. మనిషి వాటిని సొంతంగా కల్పించలేడు, తిరిగి కనుక్కోవాలంతే. ఉర్ నగరంలో కూతుర్ని ప్రధాన పూజారిణిగా నియమించేటప్పుడు కూడా నబోనిదస్ పాత శిల మీది బొమ్మ చూసి ఆమె వేషం నిర్ణయించాడు.

ఈ నమ్మకం ఎంత బలమైనదంటే, దాన్ని వాడుకునేవాళ్లూ పుట్టారు. అదే షమష్ గుడి శిథిలాల్లో 1881లో శిలువ ఆకారపు రాతి శాసనం ఒకటి దొరికింది. నరామ్-సిన్ తండ్రి మనిష్తుషు ఈ గుడికి భారీగా ఆదాయం రాసిచ్చాడని అందులో ఉంది. ఇది అబద్ధం కాదు, నిజం అని చివర్లో ఒట్టు పెట్టినంత పని చేసింది. ఆ తొందరే కాస్త అనుమానం పుట్టిస్తుంది. నిజానికి అది నబోనిదస్ కాలానికి దగ్గరలో గుడి పూజారులు ఆదాయం కోసం పాత భాషను అనుకరిస్తూ చెక్కించిన దొంగ శాసనమని పండితులు తేల్చారు. రాజు భక్తికీ పూజారుల టక్కరితనానికీ ఆధారం ఒకటే, పాతదనం మీద గురి. ఆ రాయి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.