పాక యను మాట

కోనసీమయందు రాజోలునకు సమీపముననున్న తాటిపాక పేరు వినినంతనే తాటియాకు గప్పిన పూరిల్లు మనస్సునకు దోచును. మేమిచట విచారింపబూనినది ఆ పేరునందలి కడపటి మాటను మాత్రమే. అక్షరములు రెండు; అర్థములు పెక్కు.

తెనుగున పాక యనగా బీదవాని యిల్లు. సంస్కృతమున పచ్ ధాతువునుండి వచ్చిన పాకము వంట. పచ్చిది పక్వమగుటయే దాని భావము గనుక పండుటయు, జీర్ణమగుటయు గూడ పాకమే. లాక్షణికులు కవిత్వమునకు ద్రాక్షా, కదళీ, నారికేళ పాకములను జెప్పిరి. (కడపటి రెండును మన లంకలలో సమృద్ధిగా నున్నవి, ద్రాక్ష మాత్రము బయటినుండి రావలెను.) ఈ ధాతువునకు జ్ఞాతియైన మాటయే లాటినున ‘కొక్వెరె’; ఆంగ్లేయుల ‘కుక్’ లాటినునుండియే వచ్చినది. మనవారు మ్లేచ్ఛులనిన వారి వంటయిండ్లలో జ్ఞాతులు కాపురముండినను మన పాకశబ్దమున కే మైలయు నంటలేదు!

ఇక పారసీకమున ‘పాక్’ అనగా శుద్ధము. 1947లో నేర్పడిన పాకిస్తాను పేరున వినబడునది యిదియే. దీనికి వంటతో సంబంధము లేదు. ఇది శుద్ధిని దెలుపు ‘పూ’ ధాతువునకు జెందినది, మన పావకశబ్దమునకు జ్ఞాతి. ధ్వని యొకటే, వంశములు వేఱు.

భాషాశాస్త్రము వేఱుపఱచిన యీ రెంటిని మన యాచారము కలిపివేసినది. పాకలో బుట్టినవాని పాకము పాక్ గాదని మనవారు తీర్పు చెప్పిరి. శుచిత్వము వలదా యని కొందఱడుగుదురు. తప్పక వలయును, అది చేతులు కడుగుకొనుటచే వచ్చును, పుట్టుకచే రాదు. మఱియు వరి నాటి, కోసి, నూర్చి యిచ్చిన చేతివలన బియ్యమునకు దోషము లేదట. ఆ చేయియే యా బియ్యము నుడికించినచో దోషమట. అగ్నిని పావకుడని, అనగా శుద్ధి చేయువాడని, పిలుచు మనమే యగ్ని సోకిన పిమ్మటనే మైల పుట్టునని నమ్మితిమి. ఇంతకంటె విపరీతమైన వాదమును మేము న్యాయస్థానములలో గూడ వినలేదు.

1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే నంటరానితనమును రద్దుచేసెను. 1955 నాటి చట్టము భోజనశాలలో నంటరానితనము పేర పాత్రలను నిరాకరించువానిని శిక్షించును. కాని గృహస్థుని వంటయింటి గడప నదియు దాటదు. అచట తీర్పరులు చదువరులే, వారి గృహిణులే.

అమరకోశమున పాకశబ్దమునకు శిశువనియు నర్థము గలదు. పసివాడు ఎవరి పాకలోనైనను ఆకలియైనపుడు చేయి చాచును. పెద్దల సంగతి వేఱు. ఇప్పటికిని పలుతావుల పెండ్లివంటకు మనిషిని గుదుర్చుకొనునపుడు మొదట నడుగు ప్రశ్న యేదో చదువరు లెఱుగుదురు. అది పాకశాస్త్రమును గుఱించినది గాదు.